ఇనుముకు అర్హత పరీక్ష

మా చెల్లెలు కొరీన్‌ను పోగొట్టుకున్న రోజునే ఆమెకు ఇనుము మంజూరయింది. కాబట్టి బీమా సంస్థ ఆలస్యం చేసిందనడం న్యాయం కాదు. (ఆమె ఉదయం పోయింది. మంజూరు మధ్యాహ్నం వచ్చింది.)

ఆ వేసవిలో కొరీన్ నిండు గర్భిణి. మా లూసియానా ఎండలకు ఐసు బండి దగ్గర అందరూ మంచు తురుము మీద రంగు సిరప్ పోయించుకుంటుంటే, ఆమె ఒట్టి మంచు కొనుక్కుని కరకర నమిలేది. సిరప్ డబ్బులు దాచుకుంటున్నావా అని ఏడిపించాను. "నీ బుర్రలో కంటే ఇందులోనే సరుకెక్కువ, అన్నయ్యా" అంది.

మంచు మీద ఆ యావ ఇనుము లేకపోవడం వల్లనేనని డాక్టరు చెప్పారు. కాన్పులో రక్తం పోతే తట్టుకునే శక్తి లేదు, సెలైన్‌లా నరంలోకి ఇనుము ఎక్కించాలి, త్వరగా ఎక్కించాలి అన్నారు.

సంస్థ నియమం ప్రకారం, నరం దాకా వెళ్ళాలంటే ముందు ఇనుము మాత్రలు వాడి, అవి పనిచేయలేదని తేలాలి; వాళ్ళ భాషలో, మాత్రల్లో ఫెయిలవ్వాలి. బళ్ళో ఇన్నేళ్ళుగా పిల్లల్ని పాస్ చేయిస్తున్నవాణ్ణి. ఫెయిలవడానికి ట్యూషన్ చెప్పడం అదే మొదలు. కొరీన్ శ్రద్ధగా ప్రతి మాత్రా మింగింది, అంతే శ్రద్ధగా ప్రతి మాత్రా వాంతి చేసుకుంది.

సంస్థలో ఇనుము అర్హత అధికారి వెండెల్ క్రౌస్ ఫోన్లో మర్యాదగా వివరించారు.

"మాత్ర కడుపులో నిలవలేదు కదా సార్. నిలవకపోతే వేసుకున్నట్టు కాదు. వేసుకోకపోతే ఫెయిలయినట్టెలా అవుతుంది? గైర్హాజరు కింద రాసుకుంటాం."

"హాజరయ్యానండీ" అంది పక్కనుంచి కొరీన్. "బేసిన్ ఫోటో తీసి పంపమంటారా?"

ఫోటోలు స్వీకరించబడవట. (నియమం ఉందంటే, ఎవరో పంపే ఉంటారు.)

ఈసారి మాత్రలు భోజనంతో వేసుకోమన్నారు. అలా వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవని డాక్టరు అభ్యంతరం చెప్పారు. పట్టకపోతేనే కదా ఫెయిలయ్యేది అన్నారు క్రౌస్. ఆయన మాటే నెగ్గింది. మాత్రలు కడుపులో నిలిచాయి, రక్తం ఇంకా తగ్గింది. కొరీన్ ఫస్టు క్లాసులో ఫెయిలయింది. రెండు మెట్లెక్కి, రెయిలింగు పట్టుకుని రొప్పుతూ, "చిన్నప్పుడు నా మార్కులు ఎన్నడన్నా మెచ్చుకున్నావా? ఇప్పుడు మెచ్చుకో" అంది.

మెచ్చుకున్నాను.

ఫలితాలు పరిశీలించడానికి సంస్థకు గడువుంటుంది. కాన్పుకు ఆ సంగతి తెలియదు. బిడ్డ క్షేమంగా పుట్టింది. తల్లికి రక్తస్రావం ఆగలేదు. సంచి మీద సంచి రక్తం ఎక్కించారు. (దానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు.) చాలలేదు.

మంజూరుతో పాటు, ఇనుము ఎక్కించే కుర్చీలో గురువారానికి అపాయింట్‌మెంటు కూడా ఇచ్చారు. వేరే ఎవరికైనా పనికొస్తుందని, రద్దు చేయమని క్రౌస్‌కు ఫోన్ చేశాను. రద్దు కోరే హక్కు సభ్యురాలిదేనట.

"ఒక్క నిమిషం ఆవిణ్ణి లైన్లోకి పిలవండి సార్."

"చనిపోయిందండీ."

"అయ్యో, చాలా విచారం సార్." కీబోర్డు చప్పుడు వినిపించింది. "మరి గురువారం రాకపోతే గైర్హాజరు పడుతుంది. మీరేమీ అనుకోకూడదు."

గురువారం ఉదయం ఆ కుర్చీ ఇంకా కొరీన్ పేరు మీదే ఉంది. రద్దు కాలేదు.