స్మార్ట్ బోర్డు మీద వేలిముద్రలు

స్మార్ట్ బోర్డు మీద వేలిముద్రలు పడ్డాయన్న వార్త మొదటి గంట కొట్టకముందే బడంతా పాకింది.

ఏడో తరగతి గదిలో హెడ్మిస్ట్రెస్ బోర్డుకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి పరిశీలిస్తున్నారు. కొన్ననాటి నుంచి అపురూపంగా కాపాడుకుంటూ వచ్చిన ప్లాస్టిక్ కవరు ఒక పక్క చిరిగి వేలాడుతోంది. తెర మధ్యలో ఒక వేలిముద్ర. దాని పక్కన ఇంకొకటి, చిన్నది. అంటే నేరంలో పిల్లల ప్రమేయం కూడా ఉంది.

"ఎవరో దీన్ని వాడారు" అన్నారామె నీరసంగా. డ్రిల్లు మాస్టారు కుర్చీలో కూలబడ్డారు.

ఈ ఘోరం ఎంతటిదో తెలియాలంటే అక్కడి పద్ధతి తెలియాలి. తరగతి గదిలో సాంకేతికతను వాడుకోవడంలో ఉపాధ్యాయులకు సాయపడడానికి ప్రభుత్వం ఒక డిజిటల్ సహాయాధికారిని నియమించింది. ఆయన నిజంగానే సాయపడ్డారు. బోర్డు ముందు ఎటు తిరిగితే ఫొటో బాగా వస్తుందో, చూపుడు వేలు తెరకు తగలకుండా ఎక్కడ ఆపాలో, ఆశ్చర్యపోయిన పిల్లలు నోరు ఎంత తెరవాలో స్వయంగా చేసి చూపించారు. ఉపాధ్యాయులు వంతులవారీగా వచ్చి, ఫొటో దిగి, పైకి పంపి, తమ గదులకు వెళ్లి సుద్దముక్కతో పాఠం చెప్పుకునేవారు. లెక్కల మాస్టారైతే చొక్కాలు మార్చి మార్చి, వారానికి సరిపడా డిజిటల్ బోధనను సోమవారమే ముగించేవారు. అలా పంపిన ఫొటోల లెక్కన ఆ బడి మొదటి ర్యాంకు సాధించింది.

నిన్న మధ్యాహ్నం ఆ గది తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఎవరో తీరిగ్గా ఫొటో దిగుతున్నారనుకుని మిగతావాళ్లు వెళ్లిపోయారు. ఫొటోలు ఆగాయి. తెల్లారేసరికి ర్యాంకు అట్టడుగుకు జారింది.

సహాయాధికారి కారు దిగారు. నేరుగా తరగతిలోకి వచ్చి, ఏమీ ఎరగనట్టు అడిగారు.

"గుండెకు ఎన్ని గదులు?"

"నాలుగు!" తరగతి మొత్తం అరిచింది. ఒకడు ఆగలేక కవాటాల సంగతి కూడా చెప్పేశాడు.

ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పిల్లలకు పాఠం అర్థమైంది. అనుమానం సైన్స్ టీచర్ మీదికి మళ్లింది. ఆమె కొత్తగా చేరింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేసే సంతకం పెట్టాల్సింది సహాయాధికారే.

"పొరపాటున వేలు తగిలిందని చెప్పెయ్యమ్మా" అని తెలుగు మాస్టారు ఆమె చెవిలో గొణిగారు.

"పొరపాటున కాదండీ, కావాలనే" అందామె గట్టిగా. "గుండె కొట్టుకునే వీడియో చూపించాను. పిల్లల్ని కూడా ముట్టుకోనిచ్చాను."

సహాయాధికారి గొంతు సవరించుకున్నారు.

"సాంకేతికత జాతి సంపద! దాన్ని పాఠాలకు వాడుతూ పోతే భావితరాలకు ఏం మిగులుస్తాం? అయినా చిన్న వయసు. ఈమెను ఎవరో రెచ్చగొట్టి ఉంటారు. ఆ పేరు చెబితే ఈమె ఉద్యోగం ఇప్పుడే ఖాయం చేస్తాను. ఆ దోషిని మాత్రం, ఎంతటివాళ్లయినా సరే, ఈ గడప తొక్కనివ్వను. ఇది అందరి ముందూ ఇస్తున్న మాట!"

"ఎవరూ రెచ్చగొట్టలేదు సార్. ఒక పాప ప్రశ్న అడిగింది."

"ప్రశ్నా!" హెడ్మిస్ట్రెస్ గుండె పట్టుకున్నారు. "ఎవరా పాప?"

"చెప్పను మేడం. ఉద్యోగం పోతే పోనివ్వండి."

సహాయాధికారి సంతకానికి తీసిన కలానికి మూత పెట్టబోయారు. అంతలో మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. కలం చేతిలోంచి జారిపోయింది. ఆమె ఆయన కన్నకూతురు.

"నేనే అడిగాను నాన్నా."

ఆయన వంగి కలం తీసుకున్నారు. ఇచ్చిన మాట అందరూ విన్నారు.

"నా బంగారు తల్లివి కదూ! నీకిలాంటి బుద్ధులు ఎక్కణ్ణుంచి వస్తాయి? టీచర్ని అడగమని నీకు ఎవరు నూరిపోశారో చెప్పు. భయపడకు. వాళ్ల సంగతి నేను చూసుకుంటాను."

అమ్మాయి భయపడలేదు.

"గుండె ఎలా కొట్టుకుంటుందని ఇంట్లో అడిగాను కదా. ఫోన్లోంచి తల ఎత్తకుండానే, 'నన్ను చంపక, పోయి మీ టీచర్నడుగు' అన్నది ఎవరు? నువ్వే నాన్నా!"