ఎర్రకొంగు నీహారిక

రాత్రిపూట నక్షత్రాలు కనబడకపోవడం మన తరానికి దక్కిన గొప్ప అదృష్టం. కోప్పడకండి, పూర్తిగా వినండి.

నేను లైట్ల వ్యాపారిని. బల్బులు, ఫ్లడ్‌లైట్లు, షాపు బోర్డులు అమ్ముతాను. కాబట్టి ఈ మాట స్వార్థంతో అంటున్నానని మీకు అనిపించవచ్చు. నిజమే. స్వార్థం లేని మాట ఎవరికి ఉపయోగపడిందో చెప్పండి?

వ్యాపారం తెలిసినవాడిగా ఒక లెక్క చెబుతాను. మా తాతల కాలంలో నక్షత్రాలు అందరికీ ఉచితం. ఆరుబయట మంచం వాల్చుకుంటే చాలు, సరుకంతా నెత్తిమీద పరిచి ఉండేది. ఎవరైనా విలువిచ్చారా? రెండు నిమిషాలు చూసి గురక పెట్టేవారు. ఊరికే వచ్చే సరుకు గతి అంతే. అప్పుడు మా లైట్ల వ్యాపారులం రంగంలోకి దిగాం. స్తంభానికి రెండు తలలు పెట్టాం, షాపుకొక బోర్డు ఎక్కించాం, ఆ సరుకును మార్కెట్లోంచే మాయం చేశాం.

ఇప్పుడు చూడండి! ఒక్క గెలాక్సీ కనబడాలంటే టెలిస్కోపు కావాలి. కెమెరా కావాలి. భూమి తిరుగుతుంటే దానికి ఎదురు తిరిగే మోటారు కావాలి. మా వెలుగును ఆపే ఫిల్టరు కావాలి. వెలుగు అమ్మేవాడు ఒకడు, ఆ వెలుగును ఆపే గాజుముక్క అమ్మేవాడు ఇంకొకడు. ఇద్దరి ఇళ్లలోనూ పొయ్యి వెలుగుతోంది. ఇంతకన్నా ధర్మమైన వ్యాపారం ఉంటుందా?

అందుకే ప్రతి ఇంట్లోనూ ఆకాశాన్ని ఫోటోలు తీసే మనిషి ఒకరుండాలంటాను. మా ఇంట్లో ఆ మనిషి మా ఆవిడ.

మాది కింద షాపు, పైన ఇల్లు, ఆ పైన డాబా. డాబా పిట్టగోడ మీద వీధిలోకి తిరిగి నా షాపు బోర్డు నిలబడి ఉంటుంది. దాని వీపు వెనక మా ఆవిడ టెలిస్కోపు. పగలంతా ఎముకల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి వస్తుంది కదా, ఇంటికొచ్చి కాస్త కూర్చుంటుందనుకుంటే పొరపాటు. కొన్ని కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు అదే సాయంత్రం మా డాబా మీదకు దిగుతోందట. చుట్టం అంత దూరం నుంచి వస్తుంటే ఎదురెళ్లొద్దా అంటుంది.

ఈ హాబీ వల్ల ఇంటికి కలిగిన మేలు ఒకటా రెండా? మా పెళ్లికి రెండు వందల మంది వచ్చారు, ఆల్బంలో ఉన్నవి ఎనభై ఫోటోలు. ఒక్క గెలాక్సీకి మా ఆవిడ పదకొండు రాత్రుల్లో తీసినవి రెండు వందల పధ్నాలుగు! ఒక్కోటి మూడు నిమిషాలు. అంటే పది గంటల నలభై రెండు నిమిషాలు ఆవిడ దానివైపే చూసింది, అది కదల్లేదు, కళ్లు మూయలేదు, బొజ్జ లోపలికి లాగలేదు. పెళ్లి ఫోటోల్లో నేను అన్నీ చేశాను.

చుట్టాలతో సంబంధాలు కూడా బాగుపడ్డాయి. ఆకాశం తేటగా ఉంటే మేం ఎవరింటికీ వెళ్లం. మబ్బు పడితేనే వెళతాం. మా వదినగారు తన గృహప్రవేశానికి ముందు వారం రోజులు మబ్బుల కోసం దేవుణ్ణి వేడుకుంది. మమ్మల్ని అంతగా కోరుకున్నవాళ్లు ఇంతకుముందు ఎవరున్నారు?

మా అమ్మకు కొత్త ఉద్యోగం దొరికింది. సాయంత్రం కాగానే డాబా ఎక్కి పైకి చూసి, రేపు కోడలి మూడ్ ఎలా ఉంటుందో ఇంటిల్లిపాదికీ చెబుతుంది. వాతావరణ శాఖ తప్పవచ్చు, మా అమ్మ తప్పదు.

అమ్మకు ఒక్కటే కొరుకుడు పడలేదు. ఒకరోజు మా ఆవిడ టెలిస్కోపుకు మూత పెట్టి యాభై ఫోటోలు తీసింది.

"మూత పెట్టి తీస్తే ఏం పడుతుందే అమ్మాయ్?" అని అడిగింది అమ్మ.

"చీకటి, అత్తయ్యా."

"దానికి యాభై ఫోటోలెందుకే? కళ్లు మూసుకుంటే కనబడుతుందిగా."

మా ఆవిడ ఓపిగ్గా విడమర్చి చెప్పింది. కెమెరా తన సొంత మచ్చలు కూడా ఫోటోలో కలిపేస్తుందట. మూత పెట్టి తీసినదాంట్లో ఆ మచ్చలు మాత్రమే పడతాయట, వాటిని అసలు ఫోటోలోంచి తీసేయాలట. అమ్మకు అర్థం కాలేదు గానీ నాకు వెంటనే అర్థమైంది. నూనె తూచేముందు గిన్నె బరువు తీసేయడం! ఆ తర్వాత నా తెల్ల బనీను టెలిస్కోపు మూతికి బిగించి, దానిమీద లైటు వేసి ఇంకో యాభై తీసింది. అవి అద్దం మీది దుమ్ము బరువు తీసేయడానికి. బనీను మళ్లీ నా ఒంటికి రాలేదు. సైన్సుకు నా వంతు అనుకున్నాను.

ఇవన్నీ కలిపి కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చి చూపించింది. నల్లగా ఉంది. బాగుందన్నాను. ఇంకా సాగదీయలేదంది. అంటే, దాక్కున్న వెలుగును పైకి లాగడమట. ఆ సాగదీయడం మూడు వారాలు సాగింది. భోజనాల బల్ల ల్యాప్‌టాప్‌ది. మేం సోఫా చివర్లలో కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటూ, ఆవిడ చీకట్లోంచి కొంచెం కొంచెంగా వెలుగు పిండుతుంటే చూశాం.

మూడో వారంలో కనబడింది అది. గెలాక్సీకి కింద, ఎడమవైపు, ఒంపు తిరిగిన సన్నటి ఎర్రటి వెలుగు. మా ఆవిడ ఆకాశం కేటలాగులన్నీ తిరగేసింది. ఎక్కడా లేదు. ఇతరుల ఫోటోల్లో వెతికింది. లేదు. అమ్మ కళ్లజోడు సర్దుకుని, ఎవరో ఎర్రచీర కొంగు ఆరేసినట్టుందే అంది. పేరు ఖాయమైపోయింది. ఎర్రకొంగు నీహారిక.

ఊళ్లో ఇలా ఆకాశం చూసేవాళ్లకు ఒక క్లబ్బుంది, అది అట్టుడికిపోయింది. క్లబ్బు సెక్రటరీ పళ్ల డాక్టరు. ఆయన రెండు పళ్లు పీకడం వాయిదా వేసుకుని మా ఇంటికొచ్చి ఫోటో చూసి వెళ్లాడు. ఊరి అవతల ఉండే మందుల షాపాయన తన పాత ఫోటోను మూడు రాత్రులు సాగదీసి, నాకూ కనబడింది అన్నాడు. తగినంత సాగదీస్తే కనబడనిది ఈ లోకంలో ఏముంది? ఆదివారం ప్రత్యేక సమావేశం, కాలేజీ నుంచి భౌతికశాస్త్రం ప్రొఫెసరు, మా ఆవిడ ప్రసంగం, అన్నీ నిర్ణయమయ్యాయి.

పద్దెనిమిదేళ్లుగా మా ఆవిడ ఎక్స్‌రే గదిలో ఉంది. డాక్టరు కంటికి దొరకని వెంట్రుకంత పగుళ్లు ఎన్నో తనే చూపించింది. రిపోర్టు కింద సంతకం మాత్రం డాక్టరుది. ఆ వారంలో ఒక రాత్రి అన్నం తింటూ, మామూలుగా, పప్పు వడ్డించమన్నంత మామూలుగా ఒక మాట అంది.

"ఏమండీ, ఇది మాత్రం నేను కనిపెట్టిందేనండీ."

బుధవారం ఆ ఫోటోను పెద్ద సైజులో ప్రింటు తీయించి షాపుకు తెచ్చింది. సమావేశంలో దానిమీద వేయడానికి మంచి లైటు చూడమని కౌంటరు మీద పెట్టి ఇంట్లోకి వెళ్లింది. నేను రకరకాల బల్బుల కింద ప్రింటును తిప్పి తిప్పి చూశాను. తెల్లటి వెలుగులో చూశాను, పచ్చటి వెలుగులో చూశాను. చీకటి పడుతోందని అలవాటుగా బోర్డు స్విచ్ వేసి, ఒకసారి బయటికొచ్చి పైకి చూశాను.

లోపలికెళ్లి ప్రింటు తెచ్చి, బోర్డుకు ఎదురుగా ఎత్తి పట్టి చూశాను.

కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట ఒక కంపెనీ ఎర్ర లైటు పట్టీలు పంపింది. ఎరుపు సరిగా కుదరలేదు. గులాబీ వైపు ఒరిగిన ఎరుపు. ఒక్కడూ కొనలేదు, కంపెనీ ఆ రకమే ఆపేసింది. పారేయడం చేతకాక నా బోర్డు చుట్టూ అంచుగా బిగించుకున్నాను. కింద ఎడమ మూల గుండ్రంగా ఒంపు తిరుగుతుంది. ఆ ఎరుపు ఊరు మొత్తమ్మీద నా బోర్డుకే ఉంది.

ఇప్పుడు గెలాక్సీ పక్కన కూడా ఉంది. అదే రంగు, అదే ఒంపు.

ఎలా జరిగిందో ఆలోచిస్తే కష్టమేమీ కాలేదు. మా ఆవిడ వాడిన ఫిల్టరు వీధి లైట్ల తెలుపునూ పసుపునూ ఆపి, ఎరుపును మాత్రం లోపలికి రానిస్తుంది. పదకొండు రాత్రులూ అదే గంటకు, అదే మూలకు టెలిస్కోపు తిప్పింది. బోర్డు అంచు నుంచి వెనక్కి చిందిన వెలుగు టెలిస్కోపు గొట్టంలోకి జారి, అద్దాల మధ్య తిరిగి, అదే చోట కూర్చుంది. కెమెరా మచ్చ తీసేసింది, అద్దం మీద దుమ్ము తీసేసింది, మొగుడి బోర్డు తీసేయడం మరిచిపోయింది!

ఇక్కడ వ్యాపారి అన్నవాడు ఏం చేయాలి? చెబితే రెండూ పోతాయి, ఆవిడ నీహారికా నా బోర్డూ. చెప్పకపోతే రెండూ ఉంటాయి, ఆదివారం దాకా. ఆ తర్వాత ప్రొఫెసరు ఏదో ఒకటి అడుగుతాడు. అప్పుడు నీహారిక అందరి ముందూ పోతుంది.

రెండు రోజులు నోరు మెదపలేదు. విశ్వంలో నా షాపుకు బ్రాంచి పెట్టారన్న గర్వం కూడా కొంత ఉందని ఒప్పుకుంటున్నాను. ఏ వ్యాపారికి దక్కింది అంత దూరపు ప్రచారం?

శుక్రవారం షట్టర్ దించాక బోర్డు స్విచ్ ఆపేశాను. ఫ్యూజు పోయిందని ఇంట్లో చెప్పాను. ఎందుకు ఆపానో అడిగితే నాకే సరిగ్గా తెలియదు. నా నోటితో చెప్పడం కన్నా ఆకాశం చెబితే మర్యాదగా ఉంటుందనిపించింది. ఆకాశం తేటగా ఉందంటూ ఆవిడ డాబా ఎక్కింది. ఒక్క గంట ఫోటోలు తీసి దిగింది.

శనివారం పొద్దున నేను కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. రాత్రి తీసిన ఫోటోలు పేర్చి సాగదీసింది. కొంగు లేదు. దాని చోట, గెలాక్సీకి బయటగా, పదకొండు రాత్రుల్లో ఒక్కసారీ బయటపడని గెలాక్సీ సుడి తాలూకు సన్నటి చెయ్యి ఒకటి పొగలా సాగి ఉంది.

"ఏమండీ," అంది తెరమీంచి కళ్లు తీయకుండా, "ఫ్యూజు పోయింది బోర్డుకేనా?"

"బోర్డుకే."

"చుట్టూ ఆ ఎర్రపట్టీకి కూడానా?"

"దానికీ."

ఆవిడ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టింది. "మీకెప్పుడు తెలిసింది?"

"బుధవారం."

"మూడు రోజులు కడుపులో పెట్టుకున్నారన్నమాట. లైటు రేటు కూడా అంతసేపు దాచుకోలేరు మీరు." మళ్లీ తెరకేసి తిరిగి, ఎవరికో చెబుతున్నట్టు అంది. "ఫిల్ము మీద వెంట్రుక పడితే ఎముక విరిగిందని రాశాను. ఇలాంటి తప్పుకు కొత్తగా చేరినవాళ్లను నేనే తిట్టేదాన్ని."

ఆదివారం మానేస్తుందేమో అనుకున్నాను. ఆ రోజు మా ఆవిడ రెండు ఫోటోలూ పట్టుకుని వేదిక ఎక్కింది. మొదటిది చూపించి, ఇది మా ఆయన షాపండీ అంది. రెండోది చూపించి, ఇది షట్టర్ దించాక గెలాక్సీ అంది. పది గంటలకు పైగా తీసినదానికన్నా ఒక్క గంట తీసింది ఎందుకు బాగుందో నలభై నిమిషాలు చెప్పింది. ప్రొఫెసరు లేచి నిలబడి, తన విద్యార్థులకు ఇదే పాఠం వచ్చి చెప్పమని అడిగాడు. మందుల షాపాయన మాత్రం తన ఫోటోలో ఉన్నది నిజమైన ఎర్రకొంగేనని ఇవాళ్టికీ అంటున్నాడు. ఆయన ఇల్లు నా బోర్డుకు నాలుగు మైళ్ల దూరం. పాపం, ఇంకా సాగదీస్తూనే ఉన్నాడు.

రెండో ఫోటో ఇప్పుడు షాపులో కౌంటరు వెనక ఉంది. కింద మూలన పేరు మా ఆవిడది. ఒక్క ఆవిడదే.

ఇక బోర్డు సంగతి. షట్టర్‌తోపాటు దాన్నీ ఆపేయడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. వ్యాపారం ఎంత పడిపోయిందో మీకు చెప్పాలి కదా. రవ్వంత కూడా పడిపోలేదు. అర్ధరాత్రి రెండింటికి బల్బు కొనుక్కుందామని లేచినవాడు పన్నెండేళ్లలో ఒక్కడూ లేడు. తెల్లవార్లూ ఆ బోర్డు ఎవరి కోసం వెలిగించానో ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే, షట్టర్ దించాక దాన్ని శ్రద్ధగా చూసింది ఒక్క టెలిస్కోపే. అది కూడా తల తిప్పుకోలేక!

అయినా నా మాట మీదే నిలబడతాను. నక్షత్రాలు కనబడకపోవడం అదృష్టమే. మా వీధిలో ఇంకా పదహారు బోర్డులు తెల్లవార్లూ ఆ అదృష్టాన్ని కాపాడుతున్నాయి.

మొన్న సాయంత్రం అమ్మ డాబా మీద నిలబడి, బోర్డు ఉన్న మూలకేసి చూస్తూ నన్ను పిలిచింది. అక్కడ ఏడెనిమిది చుక్కలు మిణుకుమంటున్నాయి.

"ఇవెప్పుడు పెట్టించావురా?" అంది.

"పాత సరుకేనమ్మా," అన్నాను. "అడ్డం తీశానంతే."