జానయ్య పాలపిట్ట

దసరా నాడు జానయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దెక్కకముందే పాలపిట్టను చూడాలి, మిల్లుకు వెళ్లి ఆ మాట చెప్పాలి, అందరితో కలిసి మాంసం కూర తినాలి. ఇందులో బెడిసికొట్టడానికి ఏముందో అతనికి తోచలేదు.

జానయ్య మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. నాలుగు రోజుల కింద, సద్దులు విప్పుకున్న వేళ, పండుగల మాట వచ్చింది. తమ ఇంట్లో గారెలు వేస్తుంటే ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ కూర్చుని తింటారని, అదే తనకిష్టమైన పండుగని కోదాడ నుంచి వచ్చిన గుమాస్తా దశరథ చెప్పాడు. హమాలీ బీరన్న గొర్లకాపరుల ఇంటివాడు. పొట్టేలును కోసి, వండిన మొదటి ముక్క నాయనమ్మకు పెట్టాకే తాము తింటామన్నాడు. జానయ్య ఇంట్లో అలాంటి ప్రత్యేకత ఏదీ లేదు. అయినా ఇద్దరు చెప్పాక మూడోవాడిగా ఊరుకునే మనిషి కాదు.

"మా ఇంట్ల పాలపిట్టను సూడంది ముద్ద ముట్టం. మా తాత ఒక ఏడు పొద్దుమూకే దాంక ఉపాసమున్నడు. నాకైతే గా తిప్పల లేదు. పిట్ట యాడున్నా నాకు కనబడతది."

మేనేజరు రామనర్సయ్య వెనక నిలబడి అంతా విన్నాడు. కిందటేడు పోలీసు చర్య గడబిడలో ఎవరికీ పండుగ పండుగలా జరగలేదు. ఈసారి మిల్లులోనే ముగ్గురి ఆనవాయితీలూ కలిపి చేద్దామన్నాడు.

"బీరన్న పొట్టేలు, దశరథ గారెలు. జానయ్య పిట్టను సూసొచ్చి సెప్పినంక తిందాం. అప్పటిదాంక ఎవ్వరు ముట్టొద్దు."

ఇరవై మంది హమాలీలు సంతోషంగా ఒప్పుకున్నారు.

పండుగ తెల్లవారుజామునే జానయ్య వేములపల్లి దారి పట్టాడు. సాక్షులుగా దశరథ, బీరన్న వెంట నడిచారు. కోసెడు దూరం పోకముందే జానయ్య తుమ్మచెట్టు మీదికి చెయ్యి చూపించాడు.

"అగో, సెప్పలే?"

"అది లకుముకి పిట్ట," అన్నాడు బీరన్న. పుట్టినప్పటి నుంచి గొర్ల వెంట తిరిగినవాడితో వాదించి లాభం లేదు. ఆ తర్వాత జానయ్య చూపించినవి రెండు కాకులు, ఒక గాలిపటం ముక్క. ఎండ ముదిరింది. దశరథ తువ్వాలు నడుముకు బిగించుకున్నాడు.

"జానయ్య గారూ, అసలు వస్తుందంటారా?"

"రాక యాడికి పోతది? జర ఆగు."

ముగ్గురూ తలలెత్తి నిలబడితే చేలో ఉన్న ఇద్దరు రైతులు వచ్చి ఏమిటని అడిగారు. పిట్ట ఇంకా దొరకలేదని చెప్పడానికి జానయ్యకు మనసొప్పలేదు. "వస్తది, సూడున్రి," అన్నాడు ధీమాగా. కిందటేడు విమానాలు తిరిగినప్పటి నుంచి ఆ ఊళ్లవాళ్లకు ఆకాశమంటే గుబులు. మళ్లీ విమానాలొస్తున్నాయట అన్న మాట ఊళ్లోకి పాకింది. గడియ గడిచేసరికి యాభై మంది పొయ్యిల మీది వంటలు వదిలి వచ్చి ఆకాశం చూస్తున్నారు.

గుంపు చేరిందని తెలిసి పోలీసు క్యాంపు నుంచి జమాదారు నలుగురు జవాన్లతో వచ్చాడు. అతనిది విజయనగరం వైపు. అడవుల్లో మారుపేర్లతో తిరిగే కమ్యూనిస్టు దళాలవాళ్లను పట్టడం అతని పని.

"ఎవరి కోసం చూస్తున్నారు?"

"పాలపిట్ట కోసం," అన్నాడు జానయ్య.

జమాదారు పుస్తకం తీసి రాసుకున్నాడు. "అసలు పేరు?"

"గదే పేరు."

"ఎక్కడుంటాడు?"

"సెట్ల మీద."

"ఎప్పుడెప్పుడు వస్తాడు?"

"ఏటా దసరాకు."

"మిమ్మల్నెవరు పంపారు?"

"మా మేనేజరు."

ముగ్గురినీ క్యాంపుకు నడిపించారు. ఆ రోజుల్లో క్యాంపులోకి పోయినవాడు ఎప్పుడు బయటికొస్తాడో చెప్పలేం. జానయ్య దశరథ వెనక్కి జరిగాడు. మాట్లాడింది దశరథే.

"అయ్యా, అది పక్షండీ. నీలం రెక్కలుంటాయి. అది కనబడితేగాని మా మిల్లులో ఎవరూ తినకూడదు. పొద్దుటి నుంచీ గారెలు మూతపెట్టి ఉన్నాయండీ."

జమాదారు పెన్సిలు కింద పెట్టాడు. "గారెలా?" అన్నాడు. "మా ఇంట్లో అమ్మ దసరాకి పులిహోర కలిపి అందరికీ తన చేత్తో ముద్దలు పెట్టేది. రెండేళ్లయింది ఇంటికెళ్లి." ఒక జవాను తమ ఇంటి బొమ్మల కొలువు సంగతి ఎత్తాడు.

"ఆ పక్షిని పట్టండి. అంటే, చూడండి," అని జమాదారు హుకుం ఇచ్చాడు. పన్నెండు మంది జవాన్లు తుపాకులు భుజాన వేసుకుని చెట్లు చూడడం మొదలుపెట్టారు. జానయ్యకు ప్రాణం లేచొచ్చింది. తూర్పున ఇద్దరిని, చెరువు కట్ట మీద నలుగురిని నిలబెట్టించాడు.

ఇంతలో అరెస్టు వార్త విని రామనర్సయ్య, హమాలీలు పరుగున వచ్చారు. కూర గిన్నెలు ఒంటరిగా వదలడానికి మనసొప్పక వాటినీ మోసుకొచ్చారు. మూతలు మాత్రం తీయలేదు. మూడో జాము దాటింది. పిట్ట లేదు. హమాలీలు జానయ్యను చూసే చూపు మారింది.

అప్పుడొచ్చింది అతని భార్య సత్తెమ్మ, ఏడ్చిన కళ్లతో. భర్త క్షేమంగా ఉండడం చూసి ఊపిరి పీల్చుకుంది.

"నిన్నెందుకు పట్టుకున్నరయ్యా?"

"పాలపిట్ట దొరకలే."

"పొద్దుగాల మన పెంకుల మీదనే కూసుండె. సెప్దమని ఉరికొచ్చేసరికి నువ్వు సందు తిరిగిపోయినవ్. నేను మొక్కి, తిన్న గూడ."

అందరూ జానయ్య వైపు తిరిగారు. అతను గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్ల ఒక్కలు సూస్తే అందరు సూసినట్టె. గది గూడ మా ఆనవాయితే."

అది ఎప్పటి ఆనవాయితీ అని అడిగే ఓపిక ఎవరికీ లేదు. బీరన్న మూత తీశాడు. మొదటి ముక్క సత్తెమ్మకు పెట్టబోతే తన కడుపు నిండి ఉందని ఆమె జమాదారుకు ఇప్పించింది. పోలీసులు, హమాలీలు ఒకే వరుసలో కూర్చుని తిన్నారు.

మరుసటి ఏడు దసరాకు రామనర్సయ్య మిల్లుకు రమ్మని సత్తెమ్మకు కబురు పంపాడు. వీలైతే జానయ్యను కూడా తీసుకురావచ్చన్నాడు.