మాలియా గాలిపరుపు

నర్సు వచ్చేలోగా అత్తగారి ఒళ్ళు తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని సియెని పొద్దున్నే అనుకుంది. తుంటి విరిగి మంచాన పడ్డ మాలియా వీపు కిందటిసారే కాస్త ఎర్రబడింది. అది పుండయ్యేలా ఉంటే ఓడెక్కించి అవతలి దీవి ఆసుపత్రికి పంపేస్తానని నర్సు ఖచ్చితంగా చెప్పింది. మాలియాకు ఆసుపత్రి అంటే హడలు. అయినా తిరగమంటే వినదు.

"నేనేమన్నా నిప్పుల మీద చేపనా, అటూ ఇటూ తిప్పడానికి? గాలిపరుపు ఉందిగా!"

ఇంతలో చర్చి ఆడవాళ్ళు ప్రార్థనకు వచ్చారు. సియెని వాళ్ళకు కోకో కాచడానికి వెనక వంటపాకలోకి వెళ్ళింది.

"పాటకు అడ్డంగా ఈ గుర్రు ఏమిటమ్మా?" అంటూ పక్కింటి లోసా పరుపులోకి గాలి కొట్టే పంపు ప్లగ్గు పీకేసింది.

రెండో చరణానికి మాలియా మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది.

"అయ్యో, వెళ్ళిపోతోంది!" అని లోసా గొల్లుమంది. స్తంభాలే తప్ప గోడలు లేని ఇల్లు కావడంతో దారినపోయేవాళ్ళంతా చూశారు. కబురు ఊరు చుట్టేసింది. బంధువులు పెళ్ళికైనా చావుకైనా కానుకగా ఇచ్చే సన్నచాపలు పట్టుకుని బారులు తీరారు. చావు విందుకని వెనక ఎవరో పందిని కోసేశారు.

సియెని పరుగెత్తుకొచ్చి "బతికే ఉందర్రా!" అని అరిచింది. ఏడుపుల్లో ఎవరికీ వినపడలేదు.

"ష్, నోర్ముయ్యవే," అంది మాలియా. "ఆ చాప ఎవరిది? కనపట్టంలేదు, నన్నిటు తిప్పు."

సియెని తిప్పింది.

"లోసాదా! దాని పెద్దకూతురి పెళ్ళికి నేనిచ్చిన చాపే మళ్ళీ నాకే తెచ్చింది. ఇప్పుడు అటు తిప్పు."

నర్సు జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఎవరు పోయారు?"

"నేనే," అంది మాలియా.

నర్సు ప్లగ్గు పెట్టింది. పరుపుతో పాటు మాలియా పైకి లేచింది. ముందు వరస వెనక్కి దూకింది.

నర్సు వీపు పరీక్షించి, "ఎరుపు పోయిందే! ఎన్నిసార్లు తిప్పావమ్మా?" అంది.

"చాప వచ్చినప్పుడల్లా," అంది సియెని.

"పరుపొక్కటే చాలదని చెప్పానా! ఇలాగే తిప్పుతుంటే ఆసుపత్రి అక్కర్లేదు."

సియెని కోకో తెచ్చి ముందు నర్సుకే ఇచ్చింది. పంది ఎలాగూ పోయింది కాబట్టి అందరూ భోజనానికి కూర్చున్నారు. లోసా తన చాపను నెమ్మదిగా చుట్టబోయింది.

"ఉంచమ్మా," అంది మాలియా. "ఎప్పటికైనా పనికొస్తుంది."

ఆనాటి నుంచి మాలియా పక్కకు తిరగాలంటే, ఎవరో ఒకరు స్తంభం పక్కన చాప పట్టుకుని నిలబడాల్సి వస్తోంది.