గోడ అవతలి పెద్దబాపు

భార్య పుట్టింటికి వెళ్లిన మర్నాడు లక్ష్మీరాజం పెందలాడే లేచి, ముఖం కడుక్కుని, కథకుడు కావడానికి కూర్చున్నాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో అతడు బెల్లంపల్లి బొగ్గుగని ఆఫీసులో గుమాస్తా. పగలు హాజరు పట్టీలు రాసేవాడు, ఇంటికొచ్చి కథలు రాసేవాడు. పత్రికలకు పంపిన కథలు పోయిన దారినే తిరిగి వచ్చేవి. చివరికి వాటిని చంకన పెట్టుకుని బుచ్చిరాములు సారు దగ్గరికి వెళ్లాడు. ఆయన బడిపంతులుగా రిటైరై కార్మికుల గ్రంథాలయం చూసుకుంటున్నాడు. ఎప్పుడో రెండు కథలు అచ్చులో చూసుకున్నాడు కనుక ఊళ్లో సాహిత్యానికి ఆయనే పెద్దదిక్కు.

"నీ కథలల్ల తల్లి సచ్చిపోతె కొడుకు దరఖాస్తు పెట్టినట్టు మాట్లాడుతుండు," అన్నాడాయన కాగితాలు తిరగేసి. "పాట నేర్చెటోళ్లు పొద్దుగాల సాధకం చేస్తరు గద! నువ్వు గూడ గట్లనే చెయ్యాలె. దినానికో సంగతి ఇస్త. ముందుగాల గొంతెత్తి మాట్లాడు. ఒకసారి కథలున్న మనిషివై, ఒకసారి నువ్వై. గా మాటలు నోట్లె నానినంకనే కలం పట్టు."

మొదటి సంగతి: ఎన్నడూ చూడని చుట్టం ఇంటికి వచ్చాడు.

లక్ష్మీరాజం కాసేపు ఆలోచించి, అన్నదమ్ములు లేని తన తండ్రికి ఒక అన్నను పుట్టించాడు. ఇస్తారి అని పేరు పెట్టాడు.

"ఎప్పుడొచ్చినవ్ పెద్దబాపూ?" అని తన గొంతుతో అడిగాడు.

"ఇప్పుడే కొడుకా. మోకాళ్లల్ల పానం లేదు. ఇగ నేను నీ మంచం దిగేది లేదు," అని వణికే గొంతుతో జవాబిచ్చుకున్నాడు.

ఆ క్వార్టర్ల వరుసలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఉండేది కానీ, పైకప్పు దాకా వెళ్లే ఓపిక లేక సగంలో ఆగిపోయేది. అవతలి ఇంట్లో శంకరవ్వ పొయ్యి ముట్టిస్తూ ఈ మాటలు వింది. ఆమె భర్త మొగిలి గనిలో బొగ్గు కొట్టే మనిషి. చెయ్యి మంచిదే కానీ నోరు పెద్దది.

"సారోళ్ల ఇంటికి ముసలాయన వచ్చిండు. పాపం, లేవలేడట," అంది శంకరవ్వ.

ఆ పూటే గోడమీదుగా నాలుగు జొన్నరొట్టెలు అందించింది. "పెద్దమనిషి తినాలె గద సారూ! పండ్లకు తిప్పలు గాకుండ మెత్తగ చేసిన."

తనను పెద్దమనిషి అన్నందుకు లక్ష్మీరాజం పొంగిపోయాడు. గుమాస్తా పంటిని గురించి కూడా పట్టించుకునే ఇరుగుపొరుగు దొరకడం అదృష్టం అనుకుని నాలుగూ తిన్నాడు. రొట్టెలు రోజూ వచ్చాయి. రోజూ తిన్నాడు.

బుచ్చిరాములు సారు సంగతులు ఇస్తూనే ఉన్నాడు. "కోపిష్టికి బుద్ధి చెప్పుట" అన్న రోజున పెద్దబాపు మహా జోరుగా మాట్లాడాడు.

"కోపమొస్తె నోటినిండ నీళ్లు పోసుకొని కూసోరా కొడుకా! నీళ్లుండంగ మాట రాదు, మాట రాకుంటె లొల్లి రాదు."

అవతల మొగిలి ఈ మాట విన్నాడు. ఆ సాయంత్రం కూరలో ఉప్పు ఎక్కువైతే పళ్లెం విసరబోయి, ఆగి, చెంబెత్తి నోరు నింపుకున్నాడు. పెళ్లయిన తర్వాత శంకరవ్వ ప్రశాంతంగా అన్నం తిన్నది ఆ రోజే. మర్నాటి నుంచి పొద్దున్నే మొగుడూ పెళ్లాం గోడకు చెవులానించి కూర్చోసాగారు. రెండు రోజుల్లో వరుసలోని వాళ్లంతా వాళ్లింటికి చేరారు.

ఆదివారం సంగతి: చివరి మాటలు. "మనిషిని పుట్టించుడే గాదు, సాగనంపుడు గూడ నేర్వాలె," అన్నాడు బుచ్చిరాములు సారు.

లక్ష్మీరాజం ఆ పొద్దున ప్రాణం పెట్టాడు. "ఇగ నేను పోత కొడుకా... ఎవ్వరితోని లొల్లి వెట్టుకోకు..." అని పెద్దబాపు గొంతు తెగిపోయింది. "పెద్దబాపూ!" అని అరిచి లక్ష్మీరాజం నిజంగానే వెక్కివెక్కి ఏడ్చాడు. ఇంత బాగా ఎన్నడూ కుదరలేదు.

కళ్లు తుడుచుకుని కలం పట్టేసరికి బయట డప్పులు మోగాయి. తలుపు తీశాడు. వాకిట్లో జనం. మొగిలి భుజం మీద పచ్చి వెదుళ్లు. శంకరవ్వ శోకాలు తీస్తోంది.

"అయ్యో, ఎవరు పోయిండ్రు?" అన్నాడు లక్ష్మీరాజం గాబరాగా.

మొగిలి వెదుళ్లు కింద పడేసి అతణ్ణి కౌగిలించుకున్నాడు. "దుఃఖంల మతి దప్పింది సారుకు. జర నీళ్లియ్యుండ్రి."

"మొగిలీ, గాదు, నేను చెప్పేది..."

"ఏం చెప్పకు సారూ. మేమున్నం. ఫికర్ జెయ్యకు."

నలుగురు లోపలికి వెళ్లి శవాన్ని వెతికారు. మంచం మీద లేదు. మంచం కింద లేదు. కట్టెలు జరిపి చూశారు. ఒకాయన బియ్యం కుండ మూత కూడా తీసి చూశాడు.

"బొందితోనే పోయిండు!" అని అరిచింది నాగవ్వ అనే ముసలామె. "మామూలు మనిషి గాదు, మహత్ముడు!" అంటూ గడపకు పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. శవానికని తెచ్చిన పూలదండ లక్ష్మీరాజం మెడలో పడింది. శోకాలు ఆగి భజన మొదలైంది. లక్ష్మీరాజం చేతులూపుతూ నిజం చెబుతూనే ఉన్నాడు. డప్పుల్లో అది ఎవరికీ వినపడలేదు.

సరిగ్గా అప్పుడే భార్య అనసూర్య రైలు దిగింది. "మీ ఇంట్ల ఎవరో పోయిండ్రట," అన్నాడు రిక్షావాడు. ఇంట్లో ఉన్నది ఒక్కడే. ఆమె దారి పొడుగునా గుండెలు బాదుకుంటూ వచ్చింది. వాకిట్లో మెడలో పూలదండతో నిలబడ్డ మొగుణ్ణి చూసి నిలువునా ఆగిపోయింది.

"నువ్వు బతికే ఉన్నవా? మరి ఎవరు పోయిండ్రు?"

"వాళ్ల పెద్దబాపు," అంది శంకరవ్వ ముక్కు చీదుతూ.

"ఈయనకు పెద్దబాపు ఏడున్నడు? మా మామ ఒక్కడే కొడుకాయె!"

డప్పులు ఆగిపోయాయి. లక్ష్మీరాజం తలదించుకుని సాధకం సంగతంతా చెప్పాడు.

"మరి నా రొట్టెలు?" అంది శంకరవ్వ.

"నేనే తిన్న."

మొగిలి ముఖం ఎర్రబడింది. పిడికిళ్లు బిగిశాయి. జనం వెనక్కి తగ్గారు. అనసూర్య మొగుడికి అడ్డంగా వచ్చింది. మొగిలి గబగబా ఇంట్లోకి వెళ్లి, బుగ్గలు ఉబ్బించుకుని చెంబుతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఊరంతా అతడి నోటి వంక చూస్తూ నిలబడింది. చాలాసేపటికి గుటక వినిపించింది.

"నువ్వే మాట్లాడితివి, మంచిదే," అన్నాడు మొగిలి మెల్లగా. "గానీ గంత మంచి ముసలాయనను ఎందుకు సంపినవ్?"

పరామర్శకు వచ్చి వెనక నిలబడ్డ బుచ్చిరాములు సారు వైపు లక్ష్మీరాజం వేలు చూపించాడు. "సారు సంపమన్నడు."

జనమంతా అటు తిరిగారు. ఆయన ఉత్తరీయం సర్దుకున్నాడు. "చూడుండ్రి, సాహిత్యంల ఒక మర్యాద ఉంటది. ఒక్కసారి పోయిన పాత్ర..."

"మా మేనత్త పాడె మీద లేసి కూసున్నది," అంది శంకరవ్వ. "ముసలోళ్లు జర సల్లబడి మల్ల లేస్తరు. గియ్యాల పండుకోనియ్యుండ్రి. రేపు పొద్దుగాల లేపు సారూ. లేపకుంటె ఈ మొగనితోని నేను ఏగలేను!"

అందరూ అదే మాటన్నారు. మొగిలి మళ్లీ చెంబు వైపు చూశాడు. లక్ష్మీరాజం ఒప్పుకున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి గోడ అవతల వరుస వరుసంతా బైఠాయించింది. అనసూర్య కూడా అక్కడికే వెళ్లి కూర్చుంది. ఆ పక్కనుంచైతే బాగా వినిపిస్తుందట. ఇన్నాళ్లకు తన మాట కోసం ఇంతమంది కాచుకున్నందుకు లక్ష్మీరాజం గుండె నిండిపోయింది. గొంతు సవరించుకుని, పెద్దబాపు ఎలా ఊపిరి తీసుకున్నాడో, కిటికీలోంచి వెలుతురు ముఖం మీద ఎలా పడిందో, తన మనసు ఎలా ఉప్పొంగిందో భావయుక్తంగా వర్ణించడం మొదలుపెట్టాడు.

గోడమీదుగా శంకరవ్వ గొంతు వినిపించింది. "సారూ, నువ్వు జర సప్పుడు జెయ్యకు. ముసలాయనను మాట్లాడనియ్యి."