వేపచెట్టుకు ఎర్ర పీలిక

ఆ శనివారం పొద్దున్న భీమేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం కాకినాడ రైలెక్కేలోపు పక్షుల్ని చూడటం కాస్త ప్రాక్టీసు చేయాలి. కాకినాడ అవతలి మడ అడవుల్లో పక్షుల్ని చూపిస్తానని ఆయన జయలక్ష్మికి మాటిచ్చి పదకొండేళ్లయింది. మూడుసార్లు టిక్కెట్లు తీసి, మూడుసార్లూ ఆఫీసు పనని రద్దు చేశాడు. మూడోసారి ఆవిడ పల్లెత్తు మాట అనకుండా సర్దిన సూట్‌కేసు అటకెక్కించింది. ఈసారి గనక రైలు తప్పితే ఆ ఇల్లాలికి ఆయన మొహం చూపించలేడు.

హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మేనల్లుడు లోహిత్‌నడిగి తెచ్చుకున్న బైనాక్యులర్ మెడలో వేసుకుని, కొండాపూర్‌లోని అద్దె ఇంటినుంచి బయల్దేరాడు. గూడు కనిపించిన చోటల్లా, తర్వాత జయలక్ష్మికి చూపించవచ్చని, ఒక ఎర్ర గుడ్డపీలిక కట్టి నోట్‌బుక్కులో రాసుకున్నాడు. వీధి చివర టీకొట్టు నర్సమ్మ తన వేపచెట్టుకు పీలిక కడుతున్న ఆయన్ని చూసి, "ఏంది సార్ గిది?" అనడిగింది. పిట్ట ఎగిరిపోతుందని ఆయన పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. సరిగ్గా అక్కడే కొంప మునిగింది.

హైటెక్ సిటీ లేచి ఏడాదైనా కాని ఆ రోజుల్లో, కొండాపూర్‌లో కంటికి గొట్టం ఆనించుకున్నవాడు సర్వేయరు. ఎర్రగుడ్డ కట్టాడంటే అక్కడ రోడ్డు పడుతుంది. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియనిది కరెంటాఫీసులో పనిచేసే భీమేశ్వరరావుకే.

మధ్యాహ్నానికి పీలికలు నడక మొదలుపెట్టాయి. నర్సమ్మ తన చెట్టుది విప్పి సైకిల్ షాపు స్వామి రేకులకు కట్టింది. స్వామి దాన్ని తీసి సరోజమ్మ గోడ మేకుకు తగిలించాడు. సరోజమ్మ ఊళ్లో పీలికలన్నీ ఊడబీకి, కొంగున మూటగట్టి, ముప్పైమందిని వెంటేసుకుని భీమేశ్వరరావు గుమ్మానికొచ్చింది. కిష్టయ్య తన నీళ్ల ట్యాంకరును గేటుకు అడ్డంగా పెట్టేశాడు.

"రోడ్డు జర అటు జరుపుండ్రి సార్. మా ఇండ్లు పోతే యాడికి పోవాలె?" అన్నాడు కిష్టయ్య.

"రోడ్డేంటండీ బాబూ, కాకినాడలో పక్షుల్ని చూడ్డానికెళ్తున్నాం, ప్రాక్టీసుకని ఇక్కడివి లెక్కపెట్టుకుంటున్నానండీ."

"మరి గా బుక్కుల ఏం రాసినవ్?" అని నిలదీసింది సరోజమ్మ.

భీమేశ్వరరావు నోట్‌బుక్కు తీసి చదివాడు. "వేపచెట్టు, రెండు. స్వామి రేకుల కింద, ఒకటి. సరోజమ్మగారి గోడ, నాలుగు."

"నా ఒక్క గోడకు నాల్గు రోడ్లా?" అంటూ సరోజమ్మ అరుగు మీద కూలబడింది.

"పిట్టల్ని చూడనీకే కాకినాడ దాంక పోతున్నరా?" నర్సమ్మ నమ్మలేదు. "గిక్కడ పిట్టలు లేవా?"

రైలుకు ఇంక మూడు గంటలే ఉన్నాయి. భీమేశ్వరరావు గేటుకడ్డంగా ఉన్న ట్యాంకరుకేసి చూశాడు. అప్పుడు జయలక్ష్మి బయటికొచ్చి, ఆయన మెడలోని బైనాక్యులర్ తీసి నర్సమ్మ కళ్లకు ఆనించింది. "అదిగోనమ్మా, నీ వేపచెట్టు. కుడివైపు కొమ్మ చూడు."

నర్సమ్మ ఒక కన్ను చికిలించి కొమ్మంతా వెతికింది. "నోట్ల పురుగు తెచ్చి పిల్లలకు పెడుతున్నదమ్మా," అంది చివరికి మెల్లగా. "పదేండ్ల సంది గా చెట్టు కిందనే చాయ్ పోస్తున్న. ఎన్నడు చూడలె."

ఇంకేముంది, ముప్పైమందీ లైను కట్టారు. తన వంతు చూసొచ్చిన కిష్టయ్యకు గోడ పక్కన సూట్‌కేసు కనిపించింది. "రైలెప్పుడు సార్?"

"ఇంకో గంటన్నరుందండీ."

"జర ముందు చెప్పొద్దా. ఎక్కుండ్రి."

ట్యాంకరులో కిష్టయ్య పక్కన కూర్చుని, దారి పొడుగునా నీళ్లు ఒలకబోసుకుంటూ, నాలుగు నిమిషాలుండగా సికింద్రాబాద్ చేరారు. సూట్‌కేసు కిష్టయ్యే రైలు పెట్టెలోకి చేర్చాడు. "నీ మేలు మర్చిపోనయ్యా," అన్నాడు భీమేశ్వరరావు అతని చేతులు పట్టుకుని.

"ఇంత మంచివాళ్ల మధ్య ఉంటూ ఇన్నాళ్లూ పలకరించనైనా లేదు కదండీ," అంది జయలక్ష్మి. రైలు భువనగిరి దాటాక గానీ, బైనాక్యులర్ నర్సమ్మ చేతిలోనే ఉండిపోయిందని వాళ్లకు గుర్తు రాలేదు.

మడ అడవుల్లో ఇద్దరూ వట్టి కళ్లతోనే చూశారు. సగం పక్షులు చుక్కల్లా కనిపించాయి. అయినా పడవ పక్కనే లకుముకి పిట్ట ఒకటి చటుక్కున నీళ్లలోకి దూకినప్పుడు, జయలక్ష్మి పదకొండేళ్ల కోపం మర్చిపోయి ఆయన చెయ్యి పట్టుకుంది. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాడాయన.

మంగళవారం పొద్దున్నే కొబ్బరికాయలు, కాజాలు పట్టుకుని టీకొట్టుకు వెళ్లి, అందరికీ పంచి, దండం పెట్టి, బైనాక్యులర్ అడిగాడు. నర్సమ్మ వేపచెట్టు కింద నిలబడ్డ జనం వైపు చూపించింది.

"లైన్ల నిలబడుండ్రి సార్."

భీమేశ్వరరావు సంతోషంగా వెళ్లి పద్నాలుగోవాడిగా నిలబడ్డాడు.