ఒకే ఒక్క ప్రజలు

ఏ ఊరికైనా ఒక రోజు వస్తుంది. తాను ఊరు కాదనీ, ఎదుగుతున్న నగరమనీ ఆ రోజున దానికి తెలిసిపోతుంది. ఈ సంగతి అందరికంటే ముందు తెలిసేది పురపాలక కార్యాలయానికి. మిగతావాళ్లకి పన్ను పెరిగినప్పుడు తెలుస్తుంది.

మన కథ జరిగిన ఊరికి ఆ రోజు రాగానే కార్యాలయం రెండో అంతస్తులో, విరిగిన కుర్చీలు పడేసే గదిలో, వ్యూహరచన విభాగం వెలిసింది. (కుర్చీలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటి మధ్యన ఒక అధికారి చేరాడు.) ఆయన్ని అందరూ వ్యూహం సారు అనేవాళ్లు. ముప్ఫయ్యేళ్ల తర్వాత ఊరు ఎలా ఉండాలో ఆలోచించడం ఆయన పని. ఇవాళ ఎలా ఉందో చూడడం వేరే విభాగం పని. ఆ విభాగంలో పోస్టు ఖాళీ.

ప్రణాళిక రాయడానికి ఎక్కడో పెద్ద నగరం నుంచి ఒక కన్సల్టెంటు వచ్చాడు. వయసు తక్కువైనా అనుభవం ఉన్నవాడు. ఏ ఊరినైనా చూడకుండానే అర్థం చేసుకోగలడు. అతను రాసిన ప్రణాళికలో నది ఒడ్డున విహారపథం ఉంది, గాలిలో నడిచే రైలు ఉంది. (ఊరికి నది లేదు. అది రెండో దశలో వస్తుంది.) అంతా సిద్ధమయ్యాక ఒక్క చిక్కు మిగిలింది. ప్రణాళిక ఆమోదం పొందాలంటే బహిరంగ సభ పెట్టి, "ప్రజలు హాజరై అభిప్రాయము తెలుపవలెను" అని చట్టంలో ఉంది. ఎంతమంది ప్రజలన్నది మాత్రం చట్టం రాసినవాళ్లు రాయడం మరిచిపోయారు.

సభకు రమ్మని ఘనంగా ప్రకటన వేశారు. దాన్ని సమావేశ మందిరం లోపలి గోడకు అంటించి, చిరిగిపోకుండా తలుపుకు తాళం వేశారు. సభ రోజున చూస్తే తాళంచెవి లేదు. అటెండరు పరుగెత్తుకెళ్లి తాళాల మేస్త్రిని పిలుచుకొచ్చాడు.

బస్టాండు మలుపులో బీరువా అంత కొట్టు మేస్త్రిది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆకురాయి పట్టుకుని తాళంచెవులకు పళ్లు కోస్తాడు. కోసిన ప్రతిసారీ ఇనుప పొడి ఉఫ్‌మని ఊది, కన్ను చికిలించి చూస్తాడు. మాట నెమ్మది, మనిషి బక్కపలచన. ఇంట్లో ఆయనా, భార్యా, ఇద్దరే. ఇంటి ముందు మురుగుకాలవ. కాలవ మీద సిమెంటు పలక వానల్లో విరిగి లోపలికి పడిపోయింది. గుమ్మం దిగితే నోరు తెరుచుకుని గొయ్యి. మేస్త్రి భార్య దాని పక్కన బకెట్టు బోర్లించి, మీద ఎర్రగుడ్డ కప్పేది, దారిన పోయేవాళ్లు పడకుండా. బకెట్లు మాయమవుతున్నాయి గానీ గొయ్యి మాత్రం చెక్కుచెదరలేదు. మేస్త్రి ఎన్ని అర్జీలు పెట్టినా అందినట్టు రసీదు వచ్చేది. రసీదుల విషయంలో ఆ కార్యాలయానికి వంక పెట్టడానికి లేదు.

తాళం తీసిచ్చిన మేస్త్రి వెంటనే వెళ్లిపోలేదు. లోపల ఫ్యాను తిరుగుతోంది, పెద్దసార్లు ఉన్నారు, పలక సంగతి ఓ మాట చెవిన వేద్దామని వెనక వరసలో కూర్చున్నాడు. వ్యూహం సారు వేదికెక్కి చూశాడు. మందిరం నిండా కుర్చీలు. చివర్న ఒక్క మనిషి.

"ఎవరండీ మీరు?"

"తాళం తీశానండి."

"అది సరే. ఇక్కడ ఉద్యోగులా?"

"కాదండి."

"కాంట్రాక్టరా?"

"అబ్బే."

"కొంపదీసి పేపరువాళ్లు కాదుకదా?"

"అయ్యో, నాకంత చదువెక్కడిదండీ."

వ్యూహం సారు ముఖం వెలిగిపోయింది. "అయితే మీరు ప్రజలన్నమాట!"

తెలుగులో ప్రజలన్న మాట ఎప్పుడూ బహువచనమే. పైగా మనది ఒక్కరిని కూడా 'వారు' అని గౌరవించే భాష. కాబట్టి ఒకే మనిషిని ప్రజలు అనడంలో చట్టరీత్యా గానీ వ్యాకరణరీత్యా గానీ దోషం లేదని న్యాయసలహాదారు తర్వాత తీరిగ్గా రాసిచ్చాడు.

కన్సల్టెంటు తెర మీద బొమ్మలన్నీ చూపించి, "ప్రజల అభిప్రాయం?" అని అడిగాడు.

మేస్త్రి లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటి ముందు కాలవ మీద పలక పోయిందండి. అదొక్కటి వేయిస్తే..."

"పలక ఇప్పటి సమస్య కదండీ," అన్నాడు వ్యూహం సారు, ఓపిగ్గా. "మన ప్రణాళిక అయిదో ఏడు నుంచి మొదలవుతుంది."

మేస్త్రి కూర్చున్నాడు. సభ నివేదికలో ఇలా రాశారు: "నీటి మార్గాల అభివృద్ధి పట్ల ప్రజలు అమితాసక్తి కనబరిచారు. హాజరు నూటికి నూరు శాతం."

ఆ వారమే మేస్త్రికి మెడలో వేసుకునే కార్డు వచ్చింది. ఆయన ఫొటో కింద పెద్దక్షరాలతో 'ప్రజలు' అని ఉంది. ఇంటికెళ్లి చూపిస్తే భార్య కార్డును వెలుగులోకి తిప్పి చూసి, "ఓహో, ప్రజలు ఇంటికొచ్చారా? కాళ్లు కడుక్కోండి, ప్రజలకి అన్నం పెడతా," అంది. ఆరోజు నుంచి ఆవిడకదే ఆట. ప్రజలు గుర్రు పెడుతున్నారనేది. ప్రజలు తువ్వాలు మంచం మీద పడేశారనేది. ఆయన ముసిముసిగా నవ్వుకునేవాడు. పలక పని అయిపోయినట్టేనని ఇద్దరికీ లోలోపల నమ్మకం. ఇంత దగ్గరగా వెళ్లినవాడికి చెయ్యరా?

సమావేశాలు పెరిగాయి. ప్రణాళిక నిబంధనల ప్రకారం యువత, వృద్ధులు, వ్యాపారులు, మహిళలు, ఇలా వర్గాల వారీగా అభిప్రాయం తీసుకోవాలి. సోమవారం పొద్దున మేస్త్రి యువత. (కన్సల్టెంటు తన టోపీ ఇచ్చాడు.) మధ్యాహ్నం వృద్ధులు, దానికి టోపీ తీసేస్తే సరిపోయింది. మంగళవారం మహిళల వంతు వచ్చేసరికి మేస్త్రి మొహమాటపడి, "ఇంట్లో అడిగి చెప్తానండి," అన్నాడు. మొత్తం ప్రణాళికలో క్షేత్రస్థాయి పరిశోధన జరిగింది ఆ ఒక్క అంశం మీదే.

భార్య కూర తరుగుతూ వింది. "పలక వెయ్యమనండి," అంది.

మహిళలూ పురుషులూ ఒకేమాట మీద ఉండడంతో నగరంలో సమానత్వం సాధించినట్టు వ్యూహం సారు నమోదు చేసుకున్నాడు.

ఇంకో రోజు కన్సల్టెంటు గీత పైకి పాకుతున్న బొమ్మ చూపించి, "పదేళ్లలో ప్రజలు రెట్టింపు అవుతారు," అన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే భార్య ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈ ఒంటికి ఆ ముచ్చట కూడానా. ముందు ఆ గిన్నెలోది పూర్తి చెయ్యండి," అంది.

అయితే మనిషిని పదిమందిలో కూర్చోబెట్టి మర్యాద చేస్తే లోపల ఏదో ఒకటి మారకమానదు. కొట్టు సగం రోజులు మూతపడింది. ఇళ్ల తాళాలు పడి, బయట నిలబడ్డవాళ్లు వచ్చి చూసి వెళ్లిపోతున్నారు. మేస్త్రి తల ఊపడం నేర్చుకున్నాడు. నెమ్మదిగా, కళ్లు సగం మూసి, చాలా ఆలోచించినట్టు ఊపేవాడు. పలక మాట ఎత్తడం తగ్గించాడు. అంతంత పెద్ద విషయాల మధ్య అదెత్తితే తనకే చిన్నతనంగా ఉండేది.

ఒక సాయంత్రం చుట్టచుట్టిన కాగితం తెచ్చి భార్య ముందు పరిచాడు. "చూడు, మన వీధి!"

బొమ్మలో వీధి నది అంత వెడల్పు. రెండు పక్కలా చెట్లు. నీలం రంగు మనుషులు, ముఖాలు లేనివాళ్లు, చేతులూపుకుంటూ నడుస్తున్నారు.

"మనిల్లేది?"

"ఇదిగో, ఈ పూలకుండీ ఉందే, అక్కడ."

ఆవిడ చాలాసేపు చూసింది. "వీళ్లెవరూ మన వీధివాళ్లు కారండీ," అంది.

"ఎలా చెప్తావు?"

"ఒక్కరైనా కిందికి చూసి నడుస్తున్నారా? మన వీధిలో తలెత్తి నడిచేవాళ్లెవరు?"

మేస్త్రికి చిరాకేసింది. "అన్నీ ఇవాళే కావాలంటే ఎలా? పాతికేళ్లు ఓపిక పట్టలేవా?" అన్నాడు. అన్నాక, ఆ గొంతు ఎక్కడో విన్నట్టే అనిపించింది. అది వ్యూహం సారు గొంతు. ఆవిడ కాగితం మడిచి, ఆయన మెడలోని కార్డు సరిచేసి, లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి వారం 'పాదచారులకు అనువైన నగరం' మీద సమావేశం. పాదచారుల తరఫున మేస్త్రి హాజరయ్యాడు. ఫోన్లు ఆపేయమంటే ఆపేశాడు. నగరంలో నడక ఎంత హాయిగా ఉందో పదికి మార్కులు వెయ్యమన్నారు. పక్కనే కూర్చున్న కన్సల్టెంటు ఎనిమిది అంటే, ప్రజలు తలూపారు.

సరిగ్గా ఆ సమయంలో మేస్త్రి భార్య కూరగాయల సంచీతో ఇంటికొస్తోంది. ఆరోజూ బకెట్టు ఎవరో ఎత్తుకుపోయారు. ఎదురుగా వచ్చిన స్కూటరుకు దారివ్వబోయి ఒక్క అడుగు పక్కకు వేసింది.

మేస్త్రి ఆసుపత్రికి చేరేసరికి కాలికి కట్టు కట్టేశారు. మడమ ఎముక విరిగిందట. ఎదురింటి చెల్లెమ్మ, ఆవిడని గోతిలోంచి పైకి లాగినామె, గుమ్మంలో నిలబడి, "ఎన్నిసార్లు ఫోన్ చేశాను అన్నయ్యా!" అంది. మేస్త్రి మంచం దగ్గరికి వెళ్లాడు. ప్రజలు ఇప్పుడొచ్చారా అంటుందని ఎదురుచూశాడు. అనలేదు. "ఏమండీ, నొప్పిగా ఉందండీ," అంది, చిన్నపిల్లలా. ఆట మానేసిందంటే నొప్పి ఎంతుందో ఆయనకి అప్పుడు తెలిసింది. జుట్టులో ఇంకా మురుగు ఎండి ఉంది. జేబురుమాలు తడిపి తుడుస్తూ కూర్చున్నాడు. వంగినప్పుడల్లా మెడలో కార్డు ఆవిడ ముఖానికి తగులుతుంటే తీసి జేబులో పెట్టుకున్నాడు.

ప్రణాళిక ఆమోద సభ నాడు మేస్త్రి అందరికంటే ముందే వచ్చాడు. కమిషనరు కూడా వచ్చాడు. పూలగుత్తి వచ్చింది. వ్యూహం సారు లాంఛనంగా అడిగాడు: "ప్రజలు ప్రణాళికను ఆమోదిస్తున్నారా?"

"లేదండి."

కన్సల్టెంటు కంప్యూటరులో అంకె వేసి, చూసి, పాలిపోయాడు. "సార్, నూటికి నూరు శాతం వ్యతిరేకత. ప్రపంచంలో ఏ నగరంలోనూ లేదు సార్ ఇంత!"

వ్యూహం సారు మేస్త్రి పక్కకొచ్చి కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. "ఏం కావాలి చెప్పండి. రైలు నచ్చలేదా? ఇంకో అంతస్తు పైకి వేద్దామా?"

"పలక కావాలండి."

"పలక ప్రణాళికలో లేదు కదండీ."

"పెట్టండి."

"పెట్టాలంటే ముందు ప్రణాళిక ఆమోదం పొందాలి. పొందాలంటే మీరు ఒప్పుకోవాలి."

"పలక పెడితే ఒప్పుకుంటా."

"ఒప్పుకుంటే పెట్టే వీలుంటుంది. అప్పుడు కూడా, అయిదో ఏట."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "మా ఆవిడ మడమ విరిగింది సార్. నడక హాయిగా ఉందని నేను తలూపుతున్నప్పుడే విరిగింది. ఇంక నేను ఊపను."

కమిషనరు గడియారం చూసుకుని, నిబంధనల పుస్తకం తెప్పించాడు. ప్రణాళికను మార్చాలంటే మళ్లీ సర్వే, మళ్లీ టెండరు, పై అనుమతులు. ప్రజలను మార్చాలంటే ఒక్క సంతకం. కమిషనరు కలం తీశాడు. మేస్త్రి సేవలను కొనియాడుతూ ప్రశంసాపత్రం ఇచ్చి, కార్డు వెనక్కి తీసుకున్నారు. ఆ పదవిలో మర్నాడే కమిషనరు బావమరిది చేరాడు. పక్క ఊరివాడు కావడం వల్ల స్థానిక పక్షపాతం ఉండదని అందరూ సంతోషించారు. ప్రణాళిక ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. పూలగుత్తి వాడిపోకముందే పని ముగిసింది.

మేస్త్రి కొట్టుకు వెళ్లి, పాత ఇనుప తలుపు ఒకటి బయటికి లాగాడు. ఎదురింటి చెల్లెమ్మ భర్త ఒక కొస పట్టాడు, వీధి చివరి సైకిలు రిపేరు ఆయన ఇంకో కొస పట్టాడు. గొయ్యి మీద తలుపు పరిచి, అంచులకు సిమెంటు పూసి, జారకుండా బిగించారు. మర్నాడు భార్య కర్ర ఊతంతో గుమ్మం దిగి, దాని మీద ఒక కాలు మోపి చూసింది. కదల్లేదు. రెండో కాలు మోపింది. "గట్టిగానే ఉందండీ," అంది. ఆయన కళ్లు తుడుచుకుని, ఇనుప పొడి పడిందన్నాడు.

వారం తిరక్కుండా కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. ప్రణాళికలో లేని వంతెనను నిర్మించినందుకు దాన్ని వెంటనే తొలగించవలెను; అభ్యంతరం ఉన్నచో విన్నపాల దినమున ప్రజలు స్వయముగా వచ్చి చెప్పుకొనవచ్చును.

ఇద్దరూ రిక్షాలో వెళ్లారు. ఆవిడ కర్ర టకటకలాడించుకుంటూ గేటు దాకా నడిచింది. కాపలాదారు కొత్తవాడు, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరు కావాలమ్మా?"

"విన్నపం చెప్పుకోడానికొచ్చాం బాబూ," అంది, నోటీసు చూపిస్తూ. "ప్రజల్ని రమ్మన్నారుగా."

కాపలాదారు నోటీసు రెండు వైపులా చూసి, మర్యాదగానే వెనక్కిచ్చాడు.

"ప్రజలు పొద్దున్నే వచ్చేశారండీ, లోపల కాఫీ తాగుతున్నారు. వాళ్లకి ఇబ్బంది కలగకుండా బయటివాళ్లని ఎవర్నీ వదలొద్దన్నారు."